పాత సర్వర్‌కి బయట డిస్క్ షెల్ఫ్ తగిలించి లైనక్స్ ఎక్కించడం ఎలా?

సెకండ్ హ్యాండ్‌లో సర్వర్ కొన్నాం, దాంతో పాటు పన్నెండు డిస్కుల పెట్టె (దీన్నే షెల్ఫ్ అంటారు) కూడా వచ్చింది, డెబియన్ లైనక్స్ ఇన్‌స్టాల్ చివరిదాకా బానే జరిగింది, రీబూట్ కొడితే నల్ల తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుమంటోంది. మాటలు మారతాయి గానీ అందరూ అడిగేది ఇదే. ఇంకొందరికి బూట్ అవుతుంది, కానీ పన్నెండు డిస్కులు ఇరవై నాలుగుగా కనిపిస్తాయి. మరికొందరికి అన్నీ కనిపించి సైజు మాత్రం సున్నా చూపిస్తుంది.

వేటికవి వేరే సమస్యల్లా ఉంటాయి గానీ, బూట్ గొడవలకి చాలాసార్లు కారణం ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు షెల్ఫ్ కేబుల్ సర్వర్‌కి తగిలించే ఉంటుంది. కాబట్టి ఇంకేం చదవకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: ఓఎస్ ఎక్కి, రెండుసార్లు శుభ్రంగా రీబూట్ అయ్యేదాకా ఆ కేబుల్ తగిలించొద్దు.

ఉదాహరణకి నేను తీసుకున్నది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720 సర్వర్, షెల్ఫ్‌ని దానికి కలపడానికి ఎల్ఎస్ఐ 9207-8ఈ కార్డు, డెల్ ఎండీ1200 షెల్ఫ్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్ దాకా పాత సర్వర్ల గురించి అడిగితే ఎక్కువగా ఈ తరం సరుకే బయటికి తీస్తారు. మీది నెట్‌యాప్ షెల్ఫ్ అయినా దారి ఇదే, తేడా ఉన్నచోట చెబుతాను. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు మీ పెట్టె ఏ రకమో చూసుకోండి

బయటి పెట్టెలు రెండు రకాలు. ఒకటి ఉత్త షెల్ఫ్, అంటే జేబాడ్. అందులో తెలివి ఏమీ ఉండదు, డిస్కులకి కరెంటూ దారీ ఇస్తుంది, అంతే. ఎండీ1200, ఎండీ1220, నెట్‌యాప్ డీఎస్4246 ఈ రకం. రెండోది సొంత రెయిడ్ కంట్రోలర్ (డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపేది) ఉన్నది, డెల్ ఎండీ3200 లాంటిది. అందులో లైనక్స్‌కి డిస్కులు కనిపించవు, ఆ కంట్రోలర్ తయారుచేసి ఇచ్చిన లన్‌లు, అంటే వర్చువల్ డిస్కులు మాత్రమే కనిపిస్తాయి, వాటిని సెట్ చేయడానికి డెల్ వాళ్ల మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వేరే కావాలి. ఇంట్లో వాడుకోవడానికి రెండో రకం కొనొద్దని నా సలహా. ఈ గైడ్ మొదటి రకానికే.

కావాల్సినవి

- సర్వర్, అందులో ఓఎస్ కోసం విడిగా రెండు చిన్న డిస్కులు లేదా ఎస్ఎస్‌డీలు. ఆర్720 లోపల ఎస్‌డీ కార్డుల మాడ్యూల్ ఉంటే దాని మీద లైనక్స్ వేయకండి, లాగ్‌లు రాసీ రాసీ కార్డు త్వరగా పోతుంది.
- బయటికి పోర్టులు ఉన్న హెచ్‌బీఏ కార్డు, అంటే షెల్ఫ్‌నీ సర్వర్‌నీ కలిపేది. 9207-8ఈ, 9200-8ఈ రెండూ ఎండీ1200కి సరిపోతాయి. పేరు చివర ‘ఈ’ ఉంటే బయటి పోర్టులు, ‘ఐ’ ఉంటే లోపలివి, కొనేటప్పుడు ఈ ఒక్క అక్షరం దగ్గర చాలామంది దెబ్బతింటారు. కార్డులో ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ (రెయిడ్ చేయకుండా డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేది) ఉందో లేదో అమ్మేవాణ్ణి అడగండి.
- కేబుల్. ఎండీ1200కి రెండు వైపులా ఎస్ఎఫ్ఎఫ్-8088 రకం కనెక్టర్. డీఎస్4246కి షెల్ఫ్ వైపు క్యూఎస్ఎఫ్‌పీ, అంటే ఎస్ఎఫ్ఎఫ్-8436, కార్డు వైపు ఎస్ఎఫ్ఎఫ్-8088. మీ కార్డు 9300-8ఈ అయితే దానివైపు ఎస్ఎఫ్ఎఫ్-8644. సర్వర్ కొనేరోజే కేబుల్ కూడా అడిగి తీసుకోండి, తర్వాత విడిగా వెతకాలంటే పెద్ద తలనొప్పి.
- వీజీఏ ఉన్న మానిటర్, యూఎస్‌బీ కీబోర్డు, 4 జీబీ లేదా ఆపైన పెన్ డ్రైవ్.
- సరైన ఎర్తింగ్ ఉన్న ప్లగ్ పాయింట్, వీలైతే యూపీఎస్.

కరెంటు సంగతి కొనకముందే లెక్కేసుకోండి. 3.5 అంగుళాల డిస్కు తిరుగుతూ ఊరికే ఉన్నా సుమారు 7 వాట్లు లాగుతుంది, పన్నెండుకి 84. షెల్ఫ్ ఫ్యాన్లు, సర్వర్ కలిపి మొత్తం 250 వాట్లు అనుకున్నా రోజుకి 6 యూనిట్లు, నెలకి 180. ఇంటి బిల్లులో స్లాబ్ మారిపోతుంది. పైగా డిస్కులు మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కోటి 20 వాట్లకి పైనే లాగుతుంది కాబట్టి ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకున్న ఇన్వర్టర్ మీద దీన్ని నడపాలని చూడకండి.

చోటు కూడా చూసుకోండి. ఈ సర్వర్లు మామూలుగా 35 డిగ్రీల లోపు గదికి తయారుచేసినవి. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది అంటే ఫ్యాన్లు విమానంలా మోగుతాయి.

1. సర్వర్‌ని ఒంటరిగా లేపండి

షెల్ఫ్ మూల పెట్టి సర్వర్‌కి మాత్రమే కరెంటు ఇవ్వండి. ఎఫ్2 నొక్కి సెటప్‌లోకి వెళ్లి మొట్టమొదట తేదీ, టైము చూడండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడున్న సర్వర్‌లో సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి గడియారం ఎక్కడో వెనక ఉంటుంది. అలాగే ముందుకెళ్తే ఇన్‌స్టాలర్ ప్యాకేజీలు దించేటప్పుడు ‘రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు’ అనే అర్థం వచ్చే ఎర్రర్ ఇస్తుంది, మీరేమో నెట్‌వర్క్ పోయిందేమో అనుకుని కేబుల్ మారుస్తూ కూర్చుంటారు. బ్యాటరీ ఖరీదు తక్కువే, మార్చేయండి.

తర్వాత ర్యామ్ మొత్తం చూపిస్తోందా, రెండు ప్రాసెసర్లూ కనిపిస్తున్నాయా చూడండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ ఒక రాత్రంతా నడపండి. ఎర్రర్ వస్తే ఆ స్లాట్ నంబర్ రాసుకుని స్టిక్ తీసేయండి. ఈ పని ఎగ్గొట్టి తర్వాత ఫైళ్లు పాడైతే నింద డిస్కుల మీద పడుతుంది.

అక్కడే ఐడ్రాక్ (సర్వర్‌ని దూరం నుంచి నెట్‌వర్క్ మీద నడిపే డెల్ భాగం) పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే యూజర్ రూట్, పాస్‌వర్డ్ క్యాల్విన్, ఐపీ 192.168.0.120 అని లోకమంతటికీ తెలుసు. ఐడ్రాక్‌ని ఇంటర్నెట్‌కి నేరుగా ఎప్పుడూ తెరవకండి.

బూట్ మోడ్ యూఈఎఫ్ఐ (బయాస్ తర్వాత వచ్చిన కొత్త పద్ధతి) పెట్టండి, పెట్టాక మార్చకండి. పాత ఆర్710 అయితే బయాస్ మోడ్‌లో ఉంచడమే సుఖం. అప్పుడు బూట్ డిస్కు మీద జీపీటీ రకం పార్టిషన్ పట్టిక వాడేటట్టయితే 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ ఉండాలని మర్చిపోకండి.

2. లోపలి డిస్కుల్ని సిద్ధం చేయండి

ఆర్720లో మామూలుగా పెర్క్ (డెల్ వాళ్ల రెయిడ్ కార్డు) హెచ్310 లేదా హెచ్710 ఉంటుంది. హెచ్310 డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు లైనక్స్‌కి ఇవ్వగలదు. హెచ్710 దాని సొంత ఫర్మ్‌వేర్‌తో అలా ఇవ్వదు, వర్చువల్ డిస్క్ చేస్తేనే కనిపిస్తుంది. బూట్ అయ్యేటప్పుడు కంట్రోల్ ఆర్ నొక్కి (యూఈఎఫ్ఐ మోడ్‌లో ఈ పిలుపు రాదు, ఎఫ్2 లోపల డివైస్ సెట్టింగ్స్‌లో చూడండి) రెండు డిస్కులకీ రెయిడ్-1 (రెండిట్లోనూ ఒకే కాపీ) చేసేయండి. ఫర్మ్‌వేర్ మార్చి హెచ్710ని ఐటీ మోడ్‌కి తెచ్చే పద్ధతులు ఉన్నాయి, బూట్ డిస్కుల కోసం అంత సాహసం అక్కర్లేదు.

‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ కనబడితే భయపడొద్దు. ఆ డిస్కులు ఇదివరకు వేరే సర్వర్‌లో రెయిడ్‌లో ఉన్నాయని దానర్థం. డేటా అక్కర్లేకపోతే క్లియర్ కొట్టండి. కావాలంటే ఇంపోర్ట్. రెండూ తెలియకుండా ఎంటర్ కొట్టడం మాత్రం ప్రమాదం.

ఆర్710లో పెర్క్ 6ఐ ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోండి, ఆ కార్డు 2 టీబీ కన్నా పెద్ద డిస్కుని పూర్తిగా గుర్తించదు. ఓఎస్‌కి వాడుకోండి, డేటాకి కాదు.

3. హెచ్‌బీఏ కార్డు వేసి, బూట్‌లో దాని నోరు మూయండి

సర్వర్ ఆపి, పవర్ వైర్లు రెండూ పీకి, అప్పుడు కార్డు స్లాట్‌లో పెట్టండి. మళ్లీ ఎఫ్2లోకి వెళ్లి, ఇంటిగ్రేటెడ్ డివైసెస్ కింద స్లాట్ డిసేబుల్‌మెంట్‌లో ఆ స్లాట్‌కి ‘బూట్ డ్రైవర్ డిసేబుల్డ్’ ఎంచుకోండి. కార్డు లైనక్స్‌లో మామూలుగానే పనిచేస్తుంది, కానీ బూట్ సమయంలో షెల్ఫ్‌లోని డిస్కులన్నింటినీ వరసగా పలకరించి వాటిని కూడా బూట్ లిస్టులో చేర్చదు. ఈ ఒక్క సెట్టింగ్‌తో బూట్ త్వరగా అవుతుంది, కర్సర్ మిణుకుమనే జబ్బు కూడా చాలామటుకు పోతుంది.

డెల్‌ది కాని కార్డు పెట్టగానే ఫ్యాన్లు గట్టిగా తిరగడం మొదలుపెడితే కార్డు చెడిపోయిందనుకోకండి. ఆ తరం సర్వర్లకి తెలియని కార్డు కనబడితే జాగ్రత్త కోసం గాలి పెంచుతాయి. దాన్ని తర్వాత ఐడ్రాక్ నుంచి తగ్గించుకోవచ్చు.

4. ఏ లైనక్స్?

డెబియన్ 12 లేదా 13 వేయమంటాను. 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఫైళ్లు కలిపి ఇస్తున్నారు, ఆర్710లో ఉండే బ్రాడ్‌కామ్ నెట్‌వర్క్ కార్డు కోసం ఇదివరకులా రెండో పెన్ డ్రైవ్ వెతుక్కోవాల్సిన పని లేదు. ఉబుంటు సర్వర్ అలవాటైతే అదీ సరే.

ఆఫీసులో రెడ్‌హ్యాట్ వాడతాం కాబట్టి ఇంట్లోనూ అదే అనుకునేవాళ్లు కాస్త ఆగండి. రెడ్‌హ్యాట్ 8 నుంచి పాత కార్డుల మద్దతు చాలావరకు తీసేశారు. పెర్క్ 6ఐ, హెచ్700, హెచ్310, హెచ్200, 9200-8ఈ అన్నీ ఆ దెబ్బకి పోయినవే, ఇన్‌స్టాలర్ తెరిచాక డిస్కులే లేవంటుంది. ఈఎల్‌రెపో (డ్రైవర్లు విడిగా ఇచ్చే బృందం) వాళ్ల డ్రైవర్ డిస్కుతో దాటొచ్చు, లేదా రెడ్‌హ్యాట్ లాంటిదే అయిన ఆల్మాలైనక్స్ 9.4, ఆ తర్వాతి 9 వెర్షన్లు తీసుకోండి, వాళ్లు అలాంటి పాత డ్రైవర్లు చాలా వెనక్కి తెచ్చారు. రెడ్‌హ్యాట్ 10 అయితే కుదరదనేది ఖాయం, దానికి కనీసం ఇంటెల్ హాస్వెల్ తరం ప్రాసెసర్ కావాలి, ఆర్720లోని ఈ5-2600 మొదటి, రెండో తరాల మీద అసలు నడవదు. ఆల్మా 10లో మాత్రం పాత ప్రాసెసర్లకి విడిగా ఒక బిల్డ్ ఇస్తున్నారు.

5. ఇన్‌స్టాల్ చేయండి

షెల్ఫ్ కేబుల్ ఇంకా పెట్టలేదు కదా? మంచిది.

ఎఫ్11 నొక్కి పెన్ డ్రైవ్ ఎంచుకోండి. దాని పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదే తీసుకోండి. పార్టిషన్ దశలో మీరు చేసిన రెయిడ్-1 డిస్కు ఒక్కటీ, బహుశా పెన్ డ్రైవ్, ఇవే కనిపించాలి. ఇంకేదైనా కనిపిస్తే అక్కడే ఆగి అదేమిటో తేల్చుకోండి. గ్రబ్‌ని (లైనక్స్‌ని లేపే బూట్ ప్రోగ్రామ్) రిమూవబుల్ మీడియా దారిలో కూడా వేయమంటావా అని ఇన్‌స్టాలర్ అడిగితే అవునని చెప్పండి. బ్యాటరీ పోయి సెటప్ రీసెట్ అయితే బూట్ ఎంట్రీ మాయమవుతుంది, అప్పుడు ఈ రెండో కాపీయే ఆదుకుంటుంది. ఈ ప్రశ్న ఎక్స్‌పర్ట్ మోడ్‌లో గానీ, యూఈఎఫ్ఐ మీద అనుమానం వచ్చినప్పుడు గానీ వస్తుంది, రాకపోతే తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్‌కి --ఫోర్స్-ఎక్స్‌ట్రా-రిమూవబుల్ ఇచ్చి వేసుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ చాలు, డెస్క్‌టాప్ వద్దు. అయిపోయాక పెన్ డ్రైవ్ తీసి రెండుసార్లు రీబూట్ చేయండి, ఒకసారి పూర్తిగా కరెంటు తీసి పెట్టండి. మూడుసార్లూ లాగిన్ దాకా వస్తేనే ముందుకి.

ఇప్పుడే ఈ ప్యాకేజీలు వేసుకోండి: ఎల్‌ఎస్ఎస్‌సీఎస్ఐ, ఎస్‌జీ3-యుటిల్స్, స్మార్ట్‌మాన్‌టూల్స్, ఎస్‌డీపార్మ్, ఎండీఏడీఎం, ఎక్స్ఎఫ్ఎస్‌ప్రోగ్స్.

6. ఇప్పుడు షెల్ఫ్

వరస తప్పొద్దు. సర్వర్ ఆపండి. కేబుల్ తగిలించండి. షెల్ఫ్‌కి కరెంటు ఇచ్చి డిస్కులన్నీ తిరిగి లైట్లు నిలకడ పడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాతే సర్వర్ ఆన్. ఆపేటప్పుడు తిరగేసి, ముందు సర్వర్, తర్వాత షెల్ఫ్.

ఎండీ1200 వెనకాల ఒక్కో మాడ్యూల్‌కి (కేబుళ్లు తగిలించే భాగం) రెండు పోర్టులు ఉంటాయి, ఇన్, అవుట్. సర్వర్ నుంచి వచ్చే కేబుల్ ఇన్‌లోకి. డీఎస్4246లో పోర్టుల పక్కన చతురస్రం, వృత్తం గుర్తులు ఉంటాయి, మీకు కావాల్సింది చతురస్రం. అక్కడే నెట్‌వర్క్ కేబుల్ పట్టేలాంటి పోర్టులు కూడా కనిపిస్తాయి, అవి నెట్‌యాప్ సొంత వ్యవహారం, ఖాళీగా వదిలేయండి. కేబుల్ లోపలికి వెళ్లాక టక్ మని లాక్ పడాలి. లాక్ పడకుండా ఊగుతున్న కేబుల్‌తో డిస్కులు కనిపిస్తాయి, లోడ్ పడినప్పుడు ఒక్కొక్కటీ రాలిపోతాయి.

ఒక షెల్ఫ్‌కి రెండు మాడ్యూల్స్ ఉన్నాయి కదా అని రెండిటికీ కేబుల్ పెట్టాలనిపిస్తుంది. మొదటిసారి ఒక్కటే పెట్టండి. నాలుగు లేన్లు, ఒక్కోటి 6 గిగాబిట్, ఇంటి అవసరాలకి అదే ఎక్కువ.

7. కనిపిస్తున్నాయా?

ఎల్‌ఎస్ఎస్‌సీఎస్ఐ -జీ కొట్టండి. షెల్ఫ్‌వి పన్నెండు ‘డిస్క్’ లైన్లు, ఒక ‘ఎన్‌క్లోజు’ లైను రావాలి. ఆ చివరి మాట సగంలో తెగిపోయినట్టుంటుంది, అది ఎర్రర్ కాదు, కాలమ్‌లో పట్టక అలా చూపిస్తుంది. ఆ లైను ఉందంటే షెల్ఫ్‌తో మాట కలిసినట్టే.

తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్ (కామాల మధ్య ఖాళీ లేకుండా). ఈ అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లో దాచుకోండి. స్లాట్ నంబరూ సీరియల్ నంబరూ కాగితం మీద రాసి షెల్ఫ్‌కి అతికిస్తే ఏ అర్ధరాత్రో డిస్కు పోయినప్పుడు ఏది పీకాలో టెన్షన్ ఉండదు. ఏ డిస్కు ఎక్కడుందో తెలియకపోతే స్మార్ట్‌సీటీఎల్ -ఏ తో సీరియల్ చూసి ట్రే మీద లేబుల్‌తో పోల్చండి.

అసలేమీ కనిపించకపోతే డీఎంఈఎస్‌జీ (లైనక్స్ కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) తీసి ఎంపీటీ3ఎస్ఏఎస్ (హెచ్‌బీఏ డ్రైవర్ పేరు) అనే మాట వెతకండి. ఆ మాటే లేకపోతే కార్డు స్లాట్‌లో సరిగా కూర్చోలేదు. ఉంది, డిస్కులు లేవు అంటే కేబుల్, పోర్టు, షెల్ఫ్ మాడ్యూల్ ఈ మూడింట్లో ఒకటి.

పన్నెండులో ఆరే కనిపిస్తున్నాయా? ఎండీ1200 ముందు వైపు చిన్న స్విచ్ ఉంటుంది, అది స్ప్లిట్ మోడ్‌లో ఉంటే ఒక్కో మాడ్యూల్‌కి సగం డిస్కులే దక్కుతాయి. యూనిఫైడ్‌కి మార్చి షెల్ఫ్‌ని ఆపి వేయండి, నడుస్తుండగా మారిస్తే పట్టించుకోదు.

8. సైజు సున్నా చూపిస్తే

నెట్‌యాప్, ఈఎంసీ పెట్టెల నుంచి వచ్చిన డిస్కుల్లో ఇది మామూలే. అవి 512 బైట్ల సెక్టర్‌కి బదులు 520 బైట్లతో (కొన్ని 528తో) ఫార్మాట్ అయి ఉంటాయి. డీఎంఈఎస్‌జీలో ‘అన్‌సపోర్టెడ్ సెక్టర్ సైజ్ 520’ అని తేటగా చెబుతుంది. డిస్కు బాగానే ఉంది, పారేయకండి.

మందు: ఎస్‌జీ_ఫార్మాట్ --ఫార్మాట్ --సైజ్=512, ఆ తర్వాత డిస్కు పేరు. పేరు /డెవ్/ఎస్‌జీ5 లాంటిది, ఎల్‌ఎస్ఎస్‌సీఎస్ఐ -జీ చివరి కాలమ్‌లో ఉన్నది. కమాండ్ కొట్టాక 15 సెకన్లలో మొదలుపెడతా, 10 సెకన్లలో, 5 సెకన్లలో అని మూడుసార్లు హెచ్చరిస్తుంది. ఆ పావు నిమిషం మీకు ఇచ్చింది సీరియల్ నంబర్ మరోసారి పోల్చుకోవడానికే. డేటా పూర్తిగా పోతుంది.

4 టీబీ డిస్కుకి చాలా గంటలు పడుతుంది. పని డిస్కు లోపలే జరుగుతుంది కాబట్టి వేర్వేరు టెర్మినళ్లలో అన్నిటికీ ఒకేసారి పెట్టేయొచ్చు, ఒక్కోటిగా చేస్తే వారం గడిచిపోతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు ‘మీడియం ఫార్మాట్ కరప్టెడ్’ అంటూ ఏ పనీ చేయదు, అదే కమాండ్ మళ్లీ మొదటి నుంచి నడిపితే కోలుకుంటుంది. కోతలున్న ఊళ్లో అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.

అయ్యాక ఎస్‌జీ_రీడ్‌క్యాప్ --లాంగ్ తో చూడండి. లాజికల్ బ్లాక్ లెంగ్త్ 512 రావాలి. అదే అవుట్‌పుట్‌లో ప్రాట్_ఈఎన్=1 అని ఉంటే డిస్కులో ప్రొటెక్షన్ ఇంకా ఆన్‌లో ఉంది, --ఎఫ్ఎంటీపీఇన్ఫో=0 కూడా జోడించి మరోసారి ఫార్మాట్ చేయాలి. ఈ రెండో ముక్క చూడనివాళ్లు ఫార్మాట్ అంతా అయ్యాక కూడా రీడ్ ఎర్రర్లతో తిప్పలు పడతారు, కాబట్టి ఫార్మాట్‌కి ముందే చూసుకుని రెండు ఆప్షన్లూ ఒకేసారి ఇస్తే గంటలు మిగులుతాయి.

9. డిస్కుల్ని నమ్మకముందు

స్మార్ట్‌సీటీఎల్ -ఏ అవుట్‌పుట్ సాస్ (సర్వర్ల రకం) డిస్కుల్లో వేరేలా ఉంటుంది, సాటా (మామూలు కంప్యూటర్ల రకం) డిస్కుల పట్టికలు వెతకొద్దు. ‘ఎలిమెంట్స్ ఇన్ గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్’ అనే లైను చూడండి. సున్నా ఉంటే హాయి. చిన్న అంకె ఉండి అక్కడే నిలబడితే ఫరవాలేదు. టెస్ట్ చేసే కొద్దీ పెరుగుతుంటే ఆ డిస్కు వెనక్కి ఇచ్చేయండి. పవర్ ఆన్ గంటలు 43,800 దాటితే అయిదేళ్లు ఆగకుండా తిరిగినట్టు, పాత సర్వర్ సరుకులో అది వింత కాదు, దాన్ని బట్టే డిస్కుని తీసెయ్యక్కర్లేదు.

స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్ అన్నిటికీ పెట్టండి. ఓపిక ఉంటే బ్యాడ్‌బ్లాక్స్ -బీ 4096 -డబ్ల్యూఎస్‌వీ కూడా. ఆ -బీ 4096 మర్చిపోతే పెద్ద డిస్కుల మీద బ్లాకుల సంఖ్య మరీ ఎక్కువైందని మొదట్లోనే ఆగిపోతుంది. ఇది డిస్కు మొత్తం చెరిపేసే టెస్ట్, ఓఎస్ ఉన్న డిస్కు పేరు కొట్టారో మళ్లీ ఒకటో అంకె నుంచి రావాల్సిందే. డిస్కు ఇదివరకు ఏ ఆఫీసుదో, అందులో ఎవరి వివరాలున్నాయో మనకి తెలియదు కాబట్టి ఎలాగూ చెరపడమే మర్యాద.

10. అర్రే (డిస్కులన్నీ కలిపి ఒక్కటి) కట్టండి

పన్నెండు డిస్కులకి రెయిడ్-6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది) చాలు. జెడ్ఎఫ్ఎస్ (రెయిడ్ పని కూడా తనే చేసుకునే ఫైల్ సిస్టమ్) వాడేవాళ్లు ఆరేసి డిస్కుల రెయిడ్‌జెడ్2 రెండు పెట్టుకోండి. రెయిడ్-5 మాత్రం వద్దు, ఇంత పాత డిస్కులతో ఒకటి పోయి రీబిల్డ్ నడుస్తుండగా రెండోది పోవడం మామూలే.

ఎండీఏడీఎం --క్రియేట్ /డెవ్/ఎండీ0 --లెవెల్=6 --రెయిడ్-డివైసెస్=12, ఆ తర్వాత డిస్కుల పేర్లు. ఆ పేర్లు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని ఇవ్వకండి, రీబూట్ అయితే అక్షరాలు అటూ ఇటూ మారతాయి. /డెవ్/డిస్క్/బై-ఐడీ కింద డబ్ల్యూడబ్ల్యూఎన్‌తో మొదలయ్యే పేర్లు ఇవ్వండి. ఎండీఏడీఎం తన గుర్తుల్ని డిస్కు మీదే రాసుకుంటుంది కాబట్టి దానికి అంత పట్టింపు లేదు, జెడ్ఎఫ్ఎస్‌కీ మీ కళ్లకీ మాత్రం తేడా ఉంటుంది, తప్పు డిస్కు పేరు ఇచ్చే అవకాశం తగ్గుతుంది.

/ప్రాక్/ఎండీస్టాట్‌లో సింక్ ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. 4 టీబీ డిస్కులతో ఏడెనిమిది గంటలకి తక్కువ పట్టదు. అది నడుస్తుండగానే ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వేసి వాడుకోవచ్చు గానీ స్పీడు చూసి నిరాశ పడకండి, సింక్ అయ్యాక కొలవండి. పన్నెండు 4 టీబీ డిస్కులకి చేతికి వచ్చేది 40 టీబీ.

ఎండీఏడీఎం --డీటెయిల్ --స్కాన్ ఇచ్చిన లైన్ని /ఈటీసీ/ఎండీఏడీఎం/ఎండీఏడీఎం.కాన్ఫ్‌లో చేర్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ కొట్టండి. ఇది మర్చిపోతే రీబూట్ తర్వాత ఎండీ0 కాస్తా ఎండీ127 అయిపోతుంది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో ఉండే ఫైల్) యూయూఐడీతో (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) రాయండి, ఆప్షన్లలో నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=30 పెట్టండి. నోఫెయిల్ లేకపోతే ఏదో ఒకరోజు షెల్ఫ్ ఆన్ చేయకుండా సర్వర్ వేస్తారు, 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది, మీరు ఊళ్లో లేకపోతే ఎస్ఎస్‌హెచ్ కూడా అందదు.

11. రెండో కేబుల్ కావాల్సిందే అంటే

అప్పుడు సాస్ డిస్కు ఒక్కోటి రెండు పేర్లతో కనిపిస్తుంది, అవి రెండు డిస్కులు కావు, ఒకే డిస్కుకి రెండు దారులు. సీరియల్ పోలిస్తే తెలిసిపోతుంది. మల్టీపాత్-టూల్స్ (రెండు దారుల్ని కలిపి ఒకే డిస్కుగా చూపేవి) వేసి మల్టీపాత్ -ఎల్ఎల్ కొడితే ఒక్కో డిస్కు కింద రెండు దారులు చూపించాలి. ఇక నుంచి /డెవ్/మ్యాపర్ కింద ఉన్న పేర్లే వాడాలి. సాటా డిస్కులకి పోర్టు ఒకటే కాబట్టి ట్రేలో ఇంటర్‌పోజర్ ముక్క (సాటా డిస్కుకి రెండో పోర్టు ఇచ్చేది) లేకపోతే రెండో దారి ఉండదు. మల్టీపాత్ లేకుండా రెండు కేబుళ్లు తగిలించి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ స్థితి, ఒకే డిస్కుని రెండు పేర్లతో అర్రేలో పెట్టేసే ప్రమాదం అందులోనే ఉంది.

స్పీడు రాకపోతే

ముందు లింక్ చూడండి. /సిస్/క్లాస్/సాస్_ఫై కింద ఒక్కో ఫోల్డర్‌లో నెగోషియేటెడ్_లింక్‌రేట్ అనే ఫైల్ ఉంటుంది. షెల్ఫ్ వైపు నాలుగూ 6.0 గిగాబిట్ చూపించాలి. 3.0 ఉంటే పాత మాడ్యూల్ (నెట్‌యాప్ ఐఓఎం3 అయితే అంతే ఇస్తుంది), నాలుగులో రెండే పనిచేస్తుంటే కేబుల్. పక్కనే ఉండే ఇన్‌వాలిడ్_డీవర్డ్_కౌంట్ అంకె గంట గంటకీ పెరుగుతుంటే కూడా కేబులే.

చదవడం బాగుండి రాయడం మాత్రం నత్తనడకగా ఉంటే డిస్కుల్లో రైట్ క్యాష్ ఆపేసి ఉండొచ్చు. స్టోరేజ్ పెట్టెల నుంచి వచ్చిన వాటిలో ఇది తరచూ ఉంటుంది. ఎస్‌డీపార్మ్ --గెట్=డబ్ల్యూసీఈ సున్నా చూపిస్తే --సెట్=డబ్ల్యూసీఈ --సేవ్ తో ఆన్ చేసుకోవచ్చు. యూపీఎస్ లేనివాళ్లు ఆన్ చేయకుండా వదిలేయడమే మేలు, నెమ్మదిగా అయినా రాసింది నిలుస్తుంది.

డేటా పోసే ముందు చేయాల్సిన పరీక్షలు

షెల్ఫ్ ఆపి ఉంచి సర్వర్ ఆన్ చేయండి. లాగిన్ రావాలి, అర్రే మౌంట్ కాకూడదు. మళ్లీ ఆపి, సరైన వరసలో రెండూ వేయండి. అర్రే దానంతటదే మౌంట్ అవ్వాలి.

తర్వాత ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి దాని ఎస్‌హెచ్‌ఏ256సమ్ (ఫైల్ కాస్త మారినా మారిపోయే గుర్తు) రాసుకోండి. ఎండీఏడీఎం --ఫెయిల్ తో ఒక డిస్కుని ఫెయిల్ అనిపించి, --రిమూవ్ చేసి, ఆ ట్రే చేత్తో బయటికి లాగండి. ఇక్కడే మీ కాగితం మీది స్లాట్ నంబర్లు నిజమో కాదో తేలిపోతుంది. ఫైల్ సమ్ మళ్లీ చూస్తే అదే రావాలి. డిస్కు వెనక్కి పెట్టి --యాడ్ కొట్టి, రీబిల్డ్ పూర్తయ్యాక సమ్ మరోసారి చూడండి. ఈలోగా డీఎంఈఎస్‌జీలో వేరే డిస్కు ఏదైనా రీసెట్ అవుతున్నట్టు కనిపిస్తే, ఏ ఫోటోలూ అందులో పోయకుండా, ఆ డిస్కు స్లాట్ మార్చి చూడండి. ఎర్రర్ డిస్కుతో పాటు వెళ్తే డిస్కు మార్చాలి, స్లాట్ దగ్గరే ఉండిపోతే షెల్ఫ్ అమ్మినవాడికి ఫోన్ చేయాలి.